నలభై ఒక్క గంటల పది నిమిషాలు

మా ఆఫీసులో ప్రమాదం అనే మాటను ఎవరూ ఊరికే వాడరు. బల్ల మీద టీ ఒలికితే "ఘటన, ఘటన" అని నవ్వుతారు. టీ కింద ముఖ్యమైన కాగితం ఉంటే "తీవ్ర ఘటన" అంటారు. ప్రమాదం అన్న మాట మాత్రం హాస్యానికి కూడా ఎవరి నోటా రాదు. ఆ మాటకు మా దగ్గర ఒక ఎర్ర ట్రే ఉంది. కాగితం అందులో పడిందంటే పక్క భవనంలోని దర్యాప్తు వాళ్లు వానలోనైనా గొడుగు మరిచిపోయి పరిగెత్తాలి.

నా బల్ల మీద అలాంటి ట్రేలు మూడు. విమాన కంపెనీలు రోజూ ప్రభుత్వానికి పంపే నివేదికలు చదివి, నంబరు వేసి, వాటిలో సర్దడం నా పని. పక్షి తగిలింది, టైరు పగిలింది, తలుపు దీపం ఆరలేదు, ఎవరో మరుగుదొడ్లో సిగరెట్ ముట్టించారు - ఇవన్నీ తెల్ల ట్రే. వాటి పేరు ఘటన. ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పితే పసుపు ట్రే, తీవ్ర ఘటన. మనిషి పోయినా, తీవ్రంగా గాయపడినా, విమానం బాగా దెబ్బతిన్నా ఎర్ర ట్రే. ఎర్రవీ పసుపువీ పక్క భవనానికి వెళ్తాయి. తెల్లవాటిని కంపెనీయే విచారించుకుని రెండు పేజీలు రాసి పంపుతుంది. మేం వాటిని ఫైల్లో పెడతాం.

మా సెక్షన్ పెద్దాయనను అందరూ నిర్వచనం గారు అంటారు. ఎవరేం అడిగినా సొరుగులోంచి అట్ట ఊడిపోయిన నిబంధనల పుస్తకం తీసి, నిర్వచనాల పేజీ తెరిచి, వేలు పెట్టి చదివాకే నోరు విప్పుతారు. ఆ పేరు ఆయనకూ తెలుసు. "పేరులో తప్పేముంది, నిర్వచించారు," అనేవారు.

మా అక్క ఎగిరే మనిషి. పదకొండేళ్లుగా విమానంలో కేబిన్ సిబ్బంది. ఆ వానాకాలం గడిస్తే తనకు కేబిన్ ఇన్‌చార్జి బాధ్యత వస్తుందని అనుకుంటున్నాం. అక్క, అమ్మ, నేను ఒక కళ్లజోళ్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేవాళ్లం. ఇరవై ఆరు మెట్లు. అక్క వాటిని చేతిలో పెట్టెతో కూడా రెండేసి చొప్పున ఎక్కేది. అమ్మ కిందినుంచే అరిచేది: "మెట్లు తక్కువయ్యాయా నీకు?"

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఫోన్ వచ్చింది. అక్కతో పనిచేసే అమ్మాయి. "కంగారు పడకండి" అని మొదలుపెట్టింది. ఆ మాటతో మొదలైన ఫోను ఏదైనా కంగారు పెట్టకుండా ఉంటుందా?

ఆసుపత్రిలో అక్క మెడకు పట్టీ, ఎడమ కాలి మడమ పైన కట్టు. అప్పుడే ఐదున్నరకు వార్డులో చేర్చుకున్నారు. నన్ను చూడగానే నవ్వింది.

"విమానం పైకప్పు ఎప్పుడైనా అంత దగ్గరగా చూశావటే? నేను చూశాను. దుమ్ము తుడవట్లేదు."

దిగడానికి ఇంకా ఇరవై నిమిషాలుందట. టీ బండి లోపలికి తోసుకెళ్తోంది. బెల్టులు పెట్టుకోమనే దీపం వెలిగింది. వెలిగీ వెలగగానే విమానం కిందికి జారిపోయింది. మనుషులు ఉన్నచోటే ఉండి కింది నేల మాయమైనట్టు ఉందట.

"బండి వదిలేసి కూర్చోవాల్సింది," అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"వదిలేస్తే ముందు వరుసలో పెద్దాయన మోకాళ్ల మీదికి పోయేదమ్మా. కాలితో బ్రేకు తొక్కాను. అంతే, నేను పైకి, బండి నా కాలి మీదికి."

"గాల్లో కూడా గుంటలుంటాయా?" అంది అమ్మ. "రోడ్డు మీద గుంట అయితే రోడ్డు వేసినవాణ్ణి తిట్టుకోవచ్చు. గాల్లో గుంటకి ఎవణ్ణి తిట్టాలే?"

"దానికే మన చిన్నదాని ఆఫీసుంది," అంది అక్క నన్ను చూపిస్తూ. "ఎవణ్ణి తిట్టాలో వీళ్లు తేలుస్తారు."

"మేం తిట్టం. ట్రేలో వేస్తాం," అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకు చిరాకు.

ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. నడుము కండరాలు పట్టేశాయి, మెడ నొప్పి, మడమ వాచింది. రెండు రాత్రులు నేను ఇనుప కుర్చీలో కూర్చున్నాను. ఆదివారం ఉదయం కంపెనీ తరఫున ఒకాయన పళ్లబుట్టతో వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. బుట్టకు ఎర్ర రిబ్బను. అందులో ఆపిల్స్ ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి ఉన్నాయి.

"మేడమ్, ఇంట్లో అయితే రెస్టు బాగుంటుంది కదా. కింద కారు ఉంది. సరాసరి మీ గుమ్మం ముందు దింపేస్తాడు," అన్నాడు.

డాక్టరమ్మ కట్టు చూసి పెదవి విరిచింది. "వెళ్లాలంటే వెళ్లొచ్చు. ఇంకొక్క రోజు ఉంటే నాకు నచ్చుతుంది. మీ ఇష్టం."

అక్క నా వైపు చూసింది. నా వీపు కుర్చీ ఆకారంలోకి వచ్చేసింది. సోమవారం ఆఫీసు. ఆ పళ్లబుట్టాయన ఎంత మంచివాడో అనిపించింది కూడా.

"పద అక్కా, ఇంటికి పోదాం," అన్నాను.

కౌంటర్ దగ్గర ఫారం నేనే నింపాను. వెళ్తున్న సమయం అని ఒక గడి ఉంది. గోడ గడియారం చూసి పది నలభై అని రాశాను. నా చేతిరాత మా ఊరి బడి చలవ. నాలుగు అంకె పైన నోరు తెరిచి ఉండాలి, మూస్తే తొమ్మిదిలా ఉంటుంది అని లెక్కల మాస్టారు వేళ్ల మీద స్కేలు పెట్టి నేర్పిన రాత. ఆ గడిలో కూడా నాలుగు చక్కగా నోరు తెరుచుకుని కూర్చుంది. అక్క సంతకం పెట్టింది.

సోమవారం ఆఫీసుకు వెళ్లేసరికి ఆ నివేదిక నా బల్ల మీద లేదు. నిర్వచనం గారి బల్ల మీద ఉంది.

"నీ ఇంటి మనిషి విషయం అమ్మాయ్. నువ్వు ముట్టుకోకూడదు," అన్నారు.

"ముట్టుకోను సార్. ఏ ట్రేనో చెప్పండి."

ఆయన పుస్తకం తీశారు. పేజీ తెరిచారు. వేలు పెట్టారు. ఆ వేలు ఎక్కడ ఆగుతుందో చూడకుండానే నాకు తెలిసింది. అప్పుడు తెలిసింది. మూడేళ్లలో ఆ వాక్యాన్ని నేను కొన్ని వందలసార్లు చదివాను. వేరేవాళ్ల కాగితాల కోసం చదివాను. తీవ్ర గాయం అంటే, గాయపడిన ఏడు రోజుల్లోపు మొదలై, నలభై ఎనిమిది గంటలకు మించి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చినది.

"శుక్రవారం ఐదున్నర నుంచి ఆదివారం పది నలభై," అని ఆయన కాగితం మీద లెక్క వేశారు. "నలభై ఒక్క గంటల పది నిమిషాలు."

"ఇంకో రోజు ఉండమంది సార్ డాక్టరు."

"ఉండమన్నది కాదు, ఉన్నది లెక్క."

తెల్ల ట్రేలో వేశారు. వేసి, ట్రేను కొంచెం అవతలికి జరిపారు, నాకు కనిపించకుండా. అది ఆయన చేయగలిగిన మర్యాద.

పది రోజుల తర్వాత ఇంటికి ఉత్తరం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది, కాలు దిండు మీద. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, గరిటె పట్టుకుని, అటు పోయి వంట చూడాలో ఇటు వచ్చి కూతుర్ని చూడాలో తెలియనట్టు.

"చదువు," అంది అక్క.

కంపెనీ భద్రతా విభాగం విచారణ పూర్తి చేసింది. హెచ్చరిక దీపం వెలిగిన తర్వాత కూడా సిబ్బంది సీటులో కూర్చుని బెల్టు పెట్టుకోకపోవడం గాయానికి కారణం. ఇది నిర్లక్ష్యం. ఇన్‌చార్జి బాధ్యత ప్రస్తుతానికి నిలిపివేస్తున్నాం. వచ్చే నెల మొదటి సోమవారం క్రమశిక్షణా సంఘం ముందు హాజరు కావాలి. తప్పు రుజువైతే ఎగిరే విధుల నుంచి తొలగింపు ఉండొచ్చు. కింద మెత్తటి సంతకం. సంతకాలకు కూడా గొంతు ఉంటుందా అనిపించింది.

"విమానం కిందికి పడితే తప్పు దీనిదంటారేంటే?" అంది అమ్మ. "ఇంతకీ మీ ఆఫీసు ఏమంది?"

"ఘటన అంది."

"అంటే?"

"ప్రమాదం కాదని."

"మనిషి పైకప్పుకి గుద్దుకుంటే ప్రమాదం కాకపోతే పేరంటమా?"

నా దగ్గర జవాబుంది. పుస్తకంలో ఫలానా పేజీలో ఉంది. ఉత్తరంతోపాటు ఇంకేవో రెండు కాగితాలు కలిపి కుట్టి ఉన్నాయి. నేను చేయి చాపేలోపు అక్క వాటిని మడిచి దిండు కింద పెట్టేసుకుంది. "అవి నాకే," అంది. ఆ వారం తను నాతో మాట్లాడింది తక్కువ. టీ ఇస్తే తాగేది. అంతే.

ఎర్ర ట్రేలో పడి ఉంటే ఈ ఉత్తరం వచ్చేది కాదు. దర్యాప్తు వాళ్లు వచ్చి అక్కను సాక్షిగా కూర్చోబెట్టి అడిగేవాళ్లు. విమానం పెట్టెల్లో రికార్డయినది ఆ రాత్రే భద్రం చేసేవాళ్లు. దీపం ఎప్పుడు వెలిగింది, పైలట్లకు మేఘం ఎందుకు కనిపించలేదు, అన్నీ వెతికేవాళ్లు. తెల్ల ట్రేలో పడింది కాబట్టి కంపెనీ తనను తానే ప్రశ్నించుకుని, అక్క పేరు జవాబుగా రాసుకుంది.

అక్క ఫైలు ముట్టుకోకూడదన్నారు. పాత కాగితాలు ముట్టుకోవద్దనలేదు. భోజనానికి అందరూ వెళ్లాక తెల్ల ట్రే తాలూకు పాత కట్టలు విప్పాను. విమానానికి తోక మీద నంబరుంటుంది. అక్క ఎక్కిన విమానం నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లాను. రెండు దొరికాయి. ఒకటి ఇరవై రెండు రోజుల ముందుది, ఒకటి తొమ్మిది రోజుల ముందుది. వాన మేఘాలను చూపించే రాడార్ తెర మధ్యలో ఖాళీ అవుతోందని ఇద్దరు వేర్వేరు పైలట్లు రాశారు. ఆపి మళ్లీ వేస్తే పనిచేసింది. రెండింటి మీదా అవే అక్షరాలు: ఘటన, నమోదైనది. నాలుగు ఉన్నచోటల్లా నోరు తెరిచి ఉంది. రెండింటినీ తెల్ల ట్రేలో వేసింది నేనే.

నిర్వచనం గారు భోజనం ముగించి డబ్బా మూత పెడుతుంటే ఆ రెండూ ఆయన ముందు పెట్టాను.

చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "బాగా పట్టావు," అన్నారు.

"అయితే దర్యాప్తుకి పంపుదాం సార్."

"దేని మీద పంపను? ఈ రెండిటివల్లే మూడోది జరిగిందని నువ్వు ఎలా చెప్తావు?"

"దర్యాప్తు చేస్తే తెలుస్తుంది కదా."

"దర్యాప్తు చేయాలంటే తరగతి మారాలి."

"తరగతి మారాలంటే?"

"గాయం మారాలి."

ఆ మాట అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది. డబ్బా మూత తీసి మళ్లీ పెట్టారు. "ఘటనల్ని కూడా దర్యాప్తు చేయొచ్చు అమ్మాయ్. చేయకూడదని ఎక్కడా లేదు. చేసి తీరాలనీ లేదు. పక్క భవనంలో ఉన్నది నలుగురు. నీ తెల్ల ట్రేలోకి ఏడాదికి ఎన్ని వస్తాయో నాకంటే నీకే తెలుసు. నోట్ రాస్తాను. వాళ్లు చదువుతారు."

"ఎప్పుడు చదువుతారు సార్?"

"వాళ్ల తీరిక." ఇక నిర్వచనం లేదన్నట్టు పుస్తకం సొరుగులో పెట్టేశారు.

నోట్ రాశారు. నేనే కవర్లో పెట్టి పంపాను. ఐదు రోజులు చూశాను. ఆరో రోజు దర్యాప్తు భవనం గుమాస్తాను అడిగితే "ఏ నోటూ?" అన్నాడు. చూపించమంటే ఒక బల్ల చూపించాడు. బల్ల కనిపించలేదు, కాగితాలు కనిపించాయి. నాకు ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు లేదు. అందరూ తమ పని సరిగ్గానే చేస్తున్నారు. అదే ఊపిరాడనివ్వలేదు.

ఈలోగా అక్క నడవడం మొదలుపెట్టింది. వాపు తగ్గిందంది. కర్ర వద్దంది. నేను మాట్లాడను కానీ చూస్తూ ఉంటాను. చిన్నప్పటి నుంచీ అంతే. అక్క మెట్లు దిగేటప్పుడు ప్రతిసారీ ఎడమ కాలే ముందు పెడుతోంది. తర్వాత కుడికాలు దాని పక్కన తెచ్చి నిలుపుతోంది. మళ్లీ ఎడమ. చేయి గోడ మీద. ఇరవై ఆరు మెట్లూ అలాగే. కింద కళ్లజోళ్ల దుకాణం వాళ్లకు కనిపించే చోటుకు వచ్చాక చేయి తీసేసి మామూలుగా నడుస్తోంది.

క్రమశిక్షణా సంఘానికి ఇంకా వారం పైనే ఉంది. శనివారం ఉదయం అమ్మ బజారుకు వెళ్లింది. అప్పుడడిగాను.

"అక్కా, కాలు ఇంకోసారి ఎక్స్‌రే తీయిద్దాం."

"ఎందుకు? తీశారుగా."

"సన్నటి చీలికలు మొదట్లో కనిపించవట. రెండు మూడు వారాలకు బయటపడతాయట."

అక్క బట్టలు మడతపెడుతోంది. ఆపింది.

"ఎముక విరిగితే ఏమవుతుంది మీ పుస్తకంలో?"

"విరిగితే గంటల లెక్క అక్కర్లేదు. తీవ్ర గాయమే. వేళ్లూ ముక్కూ మాత్రం లెక్కలోకి రావు."

"అంటే ముక్కు పగిలినా చిన్నదే అన్నమాట. ముక్కుకి విలువే లేదు." నవ్వలేదు తను. "విరిగిందని తేలితే నాకేమవుతుందో తెలుసా? ఆరు నెలలు నేల మీదే. తర్వాత కంపెనీ డాక్టర్లు మళ్లీ ఎగరనిస్తారో లేదో. విరగలేదంటే నా నిర్లక్ష్యం. ఎటు చూసినా నేను దిగాల్సిందే. అలాంటప్పుడు కాలు బాగుందనుకునే హక్కయినా నాకుండొద్దా?"

"నొప్పిగా ఉంది కదా నీకు. మెట్లు ఎలా దిగుతున్నావో నేను చూస్తున్నాను."

"నువ్వు చూస్తావు. బాగానే చూస్తావు. నా కాలు చూస్తున్నావా, మీ ఫైలు చూస్తున్నావా?"

ఏది చెప్పినా అబద్ధమై ఉండేది. అక్క మడత సగంలో ఉన్న చొక్కాను మంచం మీద పడేసింది. తర్వాత లేచి తలుపు దగ్గరకు వెళ్లి చెప్పులు వేసుకుంది. ఎడమది వేసుకోవడానికి గోడ పట్టుకుంది.

"పద. అమ్మ వచ్చేలోపు వచ్చేద్దాం."

ఎక్స్‌రే గది బయట బెంచీ మీద మా ముందు ఒక పాప చేయి విరగ్గొట్టుకుని వచ్చి కూర్చుంది. పట్టీ మీద బొమ్మ వేయమని వాళ్ల నాన్నను పోరుతోంది. అక్కతో వేయించుకుంది చివరికి. అక్క ఒక విమానం గీసింది. పాప దానికి కళ్లు పెట్టింది.

టెక్నీషియన్ ముసలాయన. అక్క కాలిని ఇటు తిప్పి, అటు తిప్పి నాలుగు తీశాడు. వేసవి సెలవుల్లో ఫలితాల కాగితం చూసినట్టు ఫిల్మును దీపం మీద పెట్టి వంగాడు. మేమిద్దరం అతని భుజాల రెండు పక్కలా నిలబడ్డాం.

"ఇదిగో," అన్నాడు, పెన్సిల్ మొనతో. "పిక్క పక్కన సన్నెముక ఉంటుంది చూడండి. దీనికి అడ్డంగా గీత. చుట్టూ తెల్లగా కొత్త ఎముక కడుతోంది. మూడు వారాల నాటిదై ఉంటుంది. దీంతో నడుస్తున్నారా తల్లీ?"

నేను ఆ గీతనే చూస్తున్నాను. వెంట్రుకంత గీత. ఎందుకో తల తిప్పాను. అక్క ఎక్స్‌రేను చూడట్లేదు. నన్ను చూస్తోంది. నా మొహంలో ఉన్నది సంతోషమని అప్పుడు నాకు తెలిసింది.

"రిపోర్టు రాసివ్వండి," అంది అక్క ఆయనతో. బయటకు వచ్చాక ఆటోలో నా పక్కన కూర్చోలేదు. ముందు డ్రైవరు పక్కన కూర్చుంది, కాలు బయటకు పెట్టుకుని. వాన జల్లు తన కాలి మీద పడుతూనే ఉంది.

రిపోర్టు సోమవారం అక్కే సంతకం పెట్టి మా ఆఫీసుకు పంపింది, నాతో కాదు, పోస్టులో. నిర్వచనం గారు దాన్ని నా ఎదురుగానే చదివారు. పుస్తకం తీశారు. "వేళ్లు కాదు, ముక్కు కాదు," అని గొణుక్కున్నారు. తెల్ల ట్రేలోంచి ఆ ఫైలు వెతికి తీసి, మీద ఉన్న మాట కొట్టేసి, ఎర్ర సిరాతో కొత్త మాట రాశారు. ట్రేలో వేయలేదు. తనే తీసుకుని లేచారు.

బయట వాన. నేను కిటికీలోంచి చూశాను. ఆయన మెట్ల దగ్గర ఆగి, గొడుగు విప్పి, ఫైలును చొక్కాలో దోపుకుని, నీటి గుంటలు తప్పించుకుంటూ నెమ్మదిగా నడిచి వెళ్లారు. పరిగెత్తడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

దర్యాప్తు అధికారి ఒకావిడ మూడో రోజు మా ఇంటికి వచ్చింది. ఇరవై ఆరు మెట్లూ ఎక్కి ఆయాసపడుతూ మంచినీళ్లు అడిగింది. అక్క చెప్పిందంతా మూడు గంటలు రాసుకుంది. చివర్లో పెన్ను మూత పెట్టి, దాచకుండా చెప్పింది.

"పైలట్ల మాటలు రికార్డయ్యే పెట్టెలో చివరి రెండు గంటలే ఉంటాయమ్మా. విమానం ఆ సాయంత్రమే మళ్లీ ఎగిరింది. మీవి చెరిగిపోయాయి. రాడార్ పెట్టెని శనివారమే మార్చేశారు. పాతది బాగుచేసే చోటికి వెళ్లింది, లోపం ఏమీ లేదని రాసి పంపారు. దాన్ని వేరే విమానంలో బిగించారు. ఇప్పుడు బాగానే పనిచేస్తోందట."

"ఆ శుక్రవారమే మీరొచ్చి ఉంటే?" అంది అమ్మ.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "శుక్రవారం మమ్మల్ని పిలవలేదమ్మా."

నేను వంటింట్లో నిలబడి విన్నాను.

ఒక్కటి మాత్రం మిగిలింది. కంపెనీ తన వాడకానికి తీసి పెట్టుకున్న లెక్కల్లో దీపం వెలిగిన క్షణం, విమానం జారిన క్షణం ఉన్నాయి. మధ్య తొమ్మిది సెకన్లు. దర్యాప్తు వాళ్లు అలాంటి విమానంలోనే ఇంకో అమ్మాయిని బండితో నిలబెట్టి చూశారు. బండిని చోటులో పెట్టి, గొళ్లెం వేసి, ఏడు అడుగులు నడిచి, కూర్చుని, బెల్టు పెట్టుకోవడానికి ఇరవై రెండు సెకన్లు పట్టింది. తొందరపడితే పంతొమ్మిది.

ఆ లెక్క కంపెనీకి చేరాక క్రమశిక్షణా సంఘం వాయిదా పడింది. తర్వాత రద్దయింది. తర్వాత ఒక చిన్న ఉత్తరం వచ్చింది: పై సూచించిన నోటీసును ఉపసంహరించుకోవడమైనది. క్షమించమని లేదు. పళ్లబుట్ట కూడా రాలేదు. అక్క కాలికి సిమెంటు కట్టు వేశారు. ఎగరడం ఆగిపోయింది.

వానలు వెనకబట్టే రోజుల్లో అక్కకు శిక్షణ కేంద్రంలో పని ఇచ్చారు. కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పాలి. నేల మీద ఉన్న నకిలీ విమానంలో తలుపులు ఎలా తీయాలో, బండి ఎలా కట్టాలో నేర్పాలి. "ఇది ఎగరదు, పడదు. సుఖం," అంది అమ్మ. అక్క ఊకొట్టింది. పొద్దున్నే అదే యూనిఫాం వేసుకుని, అదే జుట్టు ముడి వేసుకుని, విమానం చప్పుడు వినిపిస్తే మాత్రం కిటికీ వైపు తల తిప్పకుండా బయల్దేరేది.

పూర్తి నివేదిక రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది కానీ, ముసాయిదా ఆ వారమే అక్క చూసుకోవడానికి పంపారు. అరవై పేజీలు. చివర్లో, రాడార్ లోపం కారణమై ఉండవచ్చుననే అవకాశాన్ని తోసిపుచ్చలేము, నిర్ధారించనూ లేము, అని ఉంది. అక్క ఆ పేజీ దగ్గర ఆగలేదు. మొదటి పేజీకి తిరిగి వచ్చి ఒక వాక్యం పైకి చదివింది.

"ఈ నివేదిక ఉద్దేశం ఎవరి తప్పునూ నిర్ణయించడం కాదు." తలెత్తింది. "మరి నాకొచ్చిన ఉత్తరం ఉద్దేశమేంటో?"

ఆ మాట నన్ను అడగలేదు. అయినా ఇంట్లో ఉన్నది నేనూ అమ్మే. అమ్మ నిద్రపోతోంది, మధ్యాహ్నం.

"అక్కా," అన్నాను. ఆ రోజు కాకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేననిపించింది. "ఆసుపత్రిలో ఆ రోజు... ఇంకో ఏడు గంటలుండుంటే... ఇంటికి పోదామన్నది నేను. ఫారంలో టైము రాసింది కూడా..."

అక్క ముసాయిదా మూసింది. దిండు కింద చేయి పెట్టి ఆ పాత కాగితాలు తీసింది. ఉత్తరంతోపాటు కుట్టి వచ్చినవి, నాకు చూపించనివి. కంపెనీ జతచేసిన ఆసుపత్రి ఫారం నకలు. సమయం గడిలో పది నలభై. నాలుగు నోరు తెరుచుకుని ఉంది.

"ఉత్తరం వచ్చిన రోజే చూశాను. నీ నాలుగు నాకు తెలీదా?" అంది. "సంతకం పెట్టింది నేను కదే. నాకూ ఇంటికి రావాలనే ఉంది."

నేను ఏడవలేదు. ఏడిస్తే తను ఓదార్చాల్సి వస్తుంది. ఆ ఎక్స్‌రే గది మాట ఇద్దరం ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

అక్క కుంటుకుంటూ వెళ్లి అలమర వెనకనుంచి చుట్టిన తెల్ల చార్టు ఒకటి తెచ్చింది. మంచం మీద పరిచింది. నాలుగు మూలలా నాలుగు వస్తువులు పెట్టింది: ముసాయిదా, కళ్లజోడు పెట్టె, గ్లాసు, అమ్మ మందుల డబ్బా.

"క్లాసు గోడకి పెట్టాలి. నా రాత కోడి కెలికినట్టుంటుంది. నువ్వు రాయి, పెద్దగా."

"ఏం రాయను?"

చెప్పింది. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. నేను రాశాను: పనిలో దెబ్బ తగిలితే డాక్టరు పంపేదాకా ఆసుపత్రి వదలొద్దు. నొప్పి తగ్గకపోతే రెండో ఎక్స్‌రే అడగండి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు అందులో రాసిన సమయం చూసుకోండి.

"ఇంకా?" అన్నాను.

"పళ్లబుట్ట వచ్చినా సరే అని బ్రాకెట్లో వెయ్యి."

వేశాను. అక్క కొంచెం వెనక్కి జరిగి చూసింది. తన మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది.

"నలభై ఎనిమిది గంటలు అని కూడా వెయ్యి పైన. అంకెల్లో. ఎవరికీ అనుమానం ఉండకూడదు."

మార్కరు మూత తీశాను. నాలుగు దగ్గర చేయి ఆగింది. అక్క చార్టు చివర వేలితో అదిమి పట్టుకుని, నేను రాసేదాకా ఎదురుచూస్తోంది.